నడిమి ఇరుసు, రెండో చైను

ఈ సంచికకి ఏదైనా రాయండి అని క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నాకు కవిత తట్టలేదు. చైను, గ్రీజు, మా చిన్నాయన కాలి పిక్క మీద కట్టు, ఇవే గుర్తొచ్చినాయి. అందుకని ఇది చైను పాఠం. కంప్యూటర్ సైన్సు వాడు మెకానికల్ పాఠం చెప్పడమేంది అని మెకానికల్ బ్రాంచి వాళ్ళు నవ్వుకోవచ్చు. తప్పులుంటే క్యాంటీన్‌లో పట్టుకోండి. నా తెలుగులో తప్పులకి మాత్రం ఇంగ్లీష్ మీడియంని పట్టుకోండి.

మాది బుక్కరాయసముద్రం. అనంతపురం వాళ్ళు బీకే సముద్రం అంటారు. పేరులో సముద్రం ఉందే గానీ, అది బుక్కరాయల పేరు మీదున్న చెరువు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది, అదీ పడాల్సినప్పుడు పడితే. అందుకే మా వైపు సేద్యంలో అన్నిటికన్నా విలువైన మాట 'పదును'. వాన పడినాక నేల అంటుకోకుండా, గట్టిపడకుండా, పనిముట్టు దిగేంత మెత్తగా ఉండే రెండు మూడు రోజులే పదును. ఎర్రనేలలో అది ఇంకా తొందరగా ఆరిపోతుంది. ఆ రెండు రోజుల్లో చేన్లో గుంటక తిరగాల్సిందే.

గుంటక అంటే తెలియని హైదరాబాద్ మిత్రుల కోసం: సాళ్ళ మధ్య కలుపు కోసేసి, పైమట్టిని గుల్ల చేసే ఇనప పనిముట్టు. ఒకప్పుడు కాడెద్దులు లాగేవి. మా చిన్నాయన ఎద్దుల్ని అమ్మి నాలుగేళ్ళయింది. మేత కొనలేక అమ్మినాడు. ఇప్పుడు ఆయన గుంటక లాగేది పాత 100 సీసీ బైకు.

ఇది మా ఊరి వింత ఏమీ కాదు. గుజరాత్‌లో అమ్రేలీ జిల్లాకి చెందిన మన్‌సుఖ్‌భాయ్ జగానీ అనే ఆయన 1994లోనే బుల్లెట్ బండి వెనక చక్రం తీసేసి, ఆ స్థానంలో రెండు చిన్న చక్రాలు, పనిముట్లు తగిలించే కడ్డీ ఉన్న చట్రం బిగించి, 'బుల్లెట్ సాంతి' అని తయారు చేసినాడు. అదీ కరువు ప్రాంతమే, అక్కడా ఎద్దుల్ని సాకడం కష్టమైన కాలమే. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయన్ని గుర్తించింది, అమెరికా పేటెంటు కూడా వచ్చింది. ఆ తర్వాత మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎవరికి తోచినట్టు వాళ్ళు పాత బైకుల్ని నాగళ్ళుగా, గుంటకలుగా మార్చుకుంటానే ఉన్నారు. వాటికి డ్రాయింగులు ఉండవు. వెల్డింగు షాపులో నిలబడి "ఇట్ల పెట్టప్పా, అట్ల జరుపప్పా" అని చెప్పడమే డ్రాయింగు.

మా బండి సంగతి. వెనక చక్రం, స్వింగార్మ్, షాకబ్సార్బర్లు తీసేసినారు. ఆ చోట ఇనప గొట్టాల చట్రం. చట్రం వెనక ఒక ఇరుసు, దానికి రెండు వైపులా రెండు చక్రాలు. ఆ చక్రాల మధ్య దూరం 60 సెంటీమీటర్లు. అది ఎవరో గాలికి చెప్పిన అంకె కాదు. శెనక్కాయ సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు. ముందు చక్రం ఒక సందులో పోతుంది కదా, వెనక చక్రాలు దానికి అటొక సందులో ఇటొక సందులో పోవాలంటే రెండిటి మధ్యా 30కి సరిసంఖ్య రెట్లు ఉండాలి. 60 గానీ 120 గానీ. 90 పెడితే రెండు చక్రాలూ మొక్కల మీదే పోతాయి. ఇది నాకు అర్థమైన రోజు, మా చిన్నాయన ఏ కాలేజీలోనూ చదవకుండా ఈ లెక్క ఎట్ల కట్టినాడా అనుకున్నాను. "లెక్కెందుకురా, చేన్లో నిలబడితే కనపడదా" అన్నాడు.

ఇంకో మార్పు వేగం గురించి. ఎద్దు నడక గంటకి సుమారు 3 కిలోమీటర్లు. బైకు మొదటి గేర్లో, క్లచ్ నొక్కకుండా ఎంత మెల్లగా పోయినా 9, 10 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ వేగంతో గుంటక లాగితే కలుపుతో పాటు పంట కూడా లేచొస్తుంది. అందుకని వేగాన్ని మూడో వంతుకి దించాలి. ఇంజను దగ్గర 14 పళ్ళ స్ప్రాకెట్, వెనక 42 పళ్ళది ఉంటే ఇంజను వైపు ఇరుసు మూడు సార్లు తిరిగితే వెనక ఒక్కసారి తిరుగుతుంది. ఇంకో మూడో వంతు కావాలంటే వెనక 126 పళ్ళ చక్రం పెట్టాలి, అది నేలకి తగుల్తుంది. కాబట్టి మధ్యలో ఇంకో ఇరుసు. మా చిన్నాయన దాన్ని నడిమి ఇరుసు అంటాడు, నేనూ అదే అంటాను. ఇంజను 14 నుంచి మొదటి చైను నడిమి ఇరుసు మీదున్న 42కి వస్తుంది. అదే ఇరుసు మీద ఇంకో 14 ఉంటుంది. దాన్నుంచి రెండో చైను వెనక ఇరుసు మీది 42కి పోతుంది. మూడు మూళ్ళు తొమ్మిది.

ఇక్కడొక సంగతి గమనించండి. ఇదే ఈ పాఠంలో సగం. వేగం మూడో వంతయితే తిప్పే బలం, అంటే టార్క్, మూడింతలవుతుంది (రాపిడికి పోయేది పక్కన పెడదాం). నడిమి ఇరుసు మీద టార్క్ ఇంజను స్ప్రాకెట్ కన్నా మూడింతలు. కానీ దాని మీద రెండో చైనుని లాగే స్ప్రాకెట్ కూడా 14 పళ్ళదే, అదే వ్యాసార్థం. కాబట్టి రెండో చైను మీద పడే లాగుడు మొదటి చైను మీద పడేదానికి మూడింతలు. రెండు చైన్లూ ఒకే సైజువి, ఒకే పెట్టెలోవి. తెగేది మాత్రం ఎప్పుడూ రెండోదే. మా చిన్నమ్మ రెండో చైనుకి దిష్టి తీయమంది. ఎద్దులయితే తెగవు అని కూడా అంది.

పోయిన ఖరీఫ్‌లో నేను సెలవుకి ఊరికి పోయినప్పుడు విత్తనం వేసి 34 రోజులు. నాలుగెకరాలు, కదిరి లేపాక్షి. మధ్యలో వాన మొహం చాటేసి, కలుపు మాత్రం పెరిగి, అప్పుడు ఒక రాత్రి మంచి వాన పడింది. పొద్దున్నే పదును. ఇదే ఆఖరి గుంటక, ఎందుకంటే 45 రోజులు దాటితే శెనగచెట్టు ఊడలు భూమిలోకి దిగుతాయి. ఆ ఊడల కొసనే కాయ. ఊడలు దిగినాక గుంటక పెడితే మన కాయల్ని మనమే తెంచుకున్నట్టు. అంటే మాకున్న గడువు పదకొండు రోజులు, అందులో పదును ఉండేది రెండు మూడు.

మొదటి అరగంటలో చైను రెండు సార్లు పళ్ళ మీద నుంచి జారింది. మూడోసారి తెగింది. తెగిన కొస ఎగిరి చిన్నాయన ఎడమ పిక్కని కోసేసింది. చైనుకి పైన కప్పు లేదు. తువ్వాలు కట్టి ఆస్పత్రికి తీసుకుపోయి టీటీ సూది వేయించి కుట్లు వేయించుకొచ్చినాం. వచ్చేదారిలో ఆయన కాలి గురించి మాట్లాడలా. "రేపు మద్యాన్నానికి నేల ఆరిపోతాది రా" అన్నాడు.

నేను చేస్తాను అన్నాను. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసినాను. వెనక ఇరుసు పట్టే బేరింగ్ బ్లాకుల పక్కన చట్రం మీద గీతలు ఉన్నాయి, అడ్జస్టర్ గీతలు. ఎడమ వైపు మూడో గీత దగ్గర, కుడి వైపు మూడో గీత దగ్గర, రెండూ సమానంగా ఉన్నాయా లేదా అని చూసి, బిగించి, కొత్త చైన్ లాక్ వేసి, "అలైన్మెంట్ పర్ఫెక్ట్" అన్నాను. సాయంత్రం రెండు సాళ్ళు కూడా పూర్తి కాకముందే చైను మళ్ళీ పడింది.

ఆ రాత్రి ఇంటి ముందర లైటు కింద బండిని పెట్టుకుని కూర్చున్నాక గానీ నాకు పాఠం మొదలు కాలేదు.

చైను ఎందుకు పడుతుంది

ఇప్పుడు మనం వాడే రోలర్ చైనుని 1880లో హన్స్ రెనోల్డ్ అనే ఆయన ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పేటెంటు చేసినాడు. అందులో ఒక పిన్ను, దాని మీద బుష్, బుష్ మీద తిరిగే రోలర్, రెండు పక్కలా ప్లేట్లు. మా చైను మీద 428 అని గుద్ది ఉంది. అందులో మొదటి 4 అంటే ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి దూరం అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అరంగుళం, 12.7 మిల్లీమీటర్లు.

చైను మోకాలు లాంటిది. ముందుకీ వెనక్కీ మడుచుకుంటుంది, పక్కకి మడుచుకోదు. తాడు అయితే ఎటైనా వంగుతుంది, చైను ఒకే తలంలో వంగుతుంది. కాబట్టి రెండు స్ప్రాకెట్లూ ఒకే తలంలో ఉండాలి. లేకపోతే చైను పక్కకి వంగాల్సొస్తుంది, వంగలేక ప్లేటు లోపలి అంచుతో పంటిని గోకుతుంది. కొన్నాళ్ళకి పంటి పక్క భాగం కత్తిలా పలచబడుతుంది. లాగుడు ఎక్కువైన క్షణంలో రోలర్ పంటి మీదకి ఎక్కి కూర్చుంటుంది. అక్కడ్నుంచి జారడమో తెగడమో.

ఒకే తలంలో లేకపోవడం మూడు రకాలు. మొదటిది వాలు: వెనక ఇరుసు ఒక కొస పైకి, ఒక కొస కిందికి. అప్పుడు వెనక నుంచి చూస్తే చైను పై వరస ఒక పక్కకి, కింది వరస ఇంకో పక్కకి పోతున్నట్టు కనపడుతుంది. రెండోది మెలి: ఇరుసు ఒక కొస ముందుకి, ఒక కొస వెనక్కి, అంటే రెండు ఇరుసులూ సమాంతరంగా లేవు. మూడోది జరుగుడు: ఇరుసులు సమాంతరంగానే ఉన్నాయి, కానీ ఒక స్ప్రాకెట్ తన ఇరుసు మీద పక్కకి జరిగి కూర్చుంది. జరుగుడుని పళ్ళే చెప్తాయి. చిన్న స్ప్రాకెట్ పళ్ళకి లోపలి పక్క మెరుపు, పెద్ద స్ప్రాకెట్ పళ్ళకి బయటి పక్క మెరుపు ఉంటే వెనకది బయటికి జరిగినట్టు. మా బండికి అచ్చం అదే ఉంది. కానీ మెలి కూడా ఉంది. రెండు తప్పులు కలిసినప్పుడే తలనొప్పి. కోడ్‌లో రెండు బగ్గులు ఒకదాన్నొకటి దాచిపెట్టినట్టు.

నా గీతల సంగతి చెప్పాలి. గీతలు రెండూ సమానంగానే ఉన్నాయి. కానీ దేన్నుంచి సమానం? ఆ గీతలు ఏ గొట్టం మీద ఉన్నాయో ఆ గొట్టం చివరి నుంచి కొలిచి గీసినవి. ఆ రెండు గొట్టాలే ఒకదానికన్నా ఒకటి ముందుకి వెల్డు అయి ఉన్నాయి. రిలేటివ్ పాత్ ఇచ్చి, ఏ ఫోల్డర్ నుంచి రన్ చేస్తున్నామో చూసుకోకపోవడం లాంటిది ఇది. పాత్ సరైనదే, ఫైల్ మాత్రం దొరకదు. షోరూం బండికి కూడా ఈ గీతల్ని గుడ్డిగా నమ్మొద్దని మెకానిక్కులు అంటారు. వెల్డింగు షాపు చట్రానికయితే అసలు నమ్మకూడదు. వెల్డింగు చల్లారేటప్పుడు లోహం కుంచించుకుని గొట్టాన్ని తనవైపు లాక్కుంటుంది. ముందు నాలుగు మూలలా చుక్క వెల్డింగు పెట్టి, కొలిచి, అప్పుడు ఒక మూల, ఎదురు మూల మార్చి మార్చి అతికితే ఈ లాగుడు తగ్గుతుంది. మాది ఒక పక్క పూర్తిగా అతికేసి ఇంకో పక్కకి పోయినట్టుంది.

ఎట్ల కొలిచినాం

మా ఇంటి పక్కన ఉండే అన్న మేస్త్రీ. ఆయన దగ్గర్నుంచి రసమట్టం తెచ్చినాం. దాన్ని నడిమి ఇరుసు మీద పెట్టి బుడగ ఎక్కడ ఆగిందో చూసుకుని, తర్వాత వెనక ఇరుసు మీద పెట్టినాం. నేల సమంగా ఉండక్కర్లేదు. బుడగ మధ్యలో ఆగాలని కూడా లేదు, రెండు చోట్లా ఒకే దగ్గర ఆగితే చాలు. ఆగింది. వాలు లేదు. ఒక బాధ తప్పింది.

మెలి చూడ్డానికి టేపు వాడకండి. ఇరుసు మధ్య బిందువు ఎక్కడో కంటితో అంచనా వేస్తే రెండు మూడు మిల్లీమీటర్లు అక్కడే పోతాయి. మేము ఒక ఆరు ఎంఎం కడ్డీని రెండు ఇరుసుల మధ్య ఎడమ వైపు సరిగ్గా పట్టేట్టు కోసి, కొసలు ఆకురాయితో గుండ్రంగా రుద్దినాం. కొంచెం అటూ ఇటూ ఊపితే ఎక్కడో ఒక చోట బిగుతుగా తగుల్తుంది, అదే దగ్గరి దూరం. అదే కడ్డీని కుడి వైపు పెడితే వదులు. ఆ సందులో ఒకదాని మీద ఒకటి వాషర్లు పెట్టుకుంటూ పోతే 6 మిల్లీమీటర్లు. నేను కొలిచిన రెండు చోట్ల మధ్య 40 సెంటీమీటర్లు. 400కి 6 అంటే ఒక డిగ్రీ కన్నా కొంచెం తక్కువ, 0.86.

ఒక డిగ్రీ కూడా లేదు కదా, ఏం కొంప మునిగింది అనిపించింది నాకు. అప్పుడు మేస్త్రీ అన్న తన అల్యూమినియం పట్టీ తెచ్చి పెద్ద స్ప్రాకెట్ చదును ముఖానికి ఆనించి, కొసని చిన్న స్ప్రాకెట్ వైపు పోనిచ్చినాడు. రెండు ఇరుసుల మధ్యా 44 సెంటీమీటర్లు. పట్టీ కొస చిన్న స్ప్రాకెట్ ముఖానికి దాదాపు 10 మిల్లీమీటర్ల దూరంలో ఆగింది. నా నోట మాట లేదు. పెద్ద స్ప్రాకెట్ అడ్డంగా 17 సెంటీమీటర్లే, దాని మీద ఆ మెలి రెండున్నర మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. కానీ 44 సెంటీమీటర్ల దూరం పోయేసరికి ఆరున్నర అవుతుంది. మిగిలిన మూడూ జరుగుడు. పట్టీ ఈ రెండిటినీ కలిపి చూపించింది. బండ్లకి ఇదే పని చేసే లేజర్ పరికరాలు దొరుకుతాయి, కానీ అదీ ఒక పట్టీయే, వెలుతురుతో చేసింది.

సరిచేసే వరస ముఖ్యం. ముందు వాలు, తర్వాత మెలి, ఆఖర్న జరుగుడు. ఎందుకంటే ఇరుసుని తిప్పిన ప్రతిసారీ స్ప్రాకెట్ పక్కకి కూడా కదుల్తుంది. జరుగుడు ముందు సరిచేసి మెలి తర్వాత తీస్తే మళ్ళీ మొదటికే వస్తాం. స్ప్రాకెట్‌ని పక్కకి జరపడం వల్ల మాత్రం ఇరుసు తిరగదు. నేను మొదట తిరగేసి చేసి గంట పోగొట్టుకున్నాను. చిన్నాయన మంచం మీద కాలు చాపుకుని "ఇంకో తూరి సూడు" అంటానే ఉన్నాడు, అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పొద్దున్నే అనంతపురం పోయి లేతు షాపులో 3 మిల్లీమీటర్ల మందం రింగు తిప్పించుకొచ్చి నడిమి ఇరుసు మీద చిన్న స్ప్రాకెట్ వెనక వేసినాం. వాషర్లు పేర్చితే అవి బిగింపులో అణిగిపోయి కొన్నాళ్ళకి వదులవుతాయి, రింగే మంచిది.

ఏడు లింకుల కథ

ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

తెగిన చైనుని కిరోసిన్‌లో కడిగి గోనె మీద పరిచినప్పుడు కొన్ని లింకులకి మాత్రమే పక్కన లోతుగా గీరుకున్న గుర్తులు కనపడినాయి. అన్నిటికీ కాదు. చాక్‌పీసుతో గుర్తు పెట్టి లెక్కపెడితే ఏడు. ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎంత అని చూస్తే ప్రతిసారీ 14. మొత్తం లింకులు 98.

14 పళ్ళ స్ప్రాకెట్, 98 లింకుల చైను. 98ని 14 నిశ్శేషంగా భాగిస్తుంది, ఏడు సార్లు. అంటే చిన్న స్ప్రాకెట్‌లో ఒక పన్ను ఏ లింకుని పట్టుకుంటుందో, ఒక చుట్టు తర్వాత దాన్నుంచి 14వ లింకుని, ఆ తర్వాత 28వ లింకుని, ఇట్ల ఏడు లింకులయినాక మళ్ళీ మొదటి లింకునే పట్టుకుంటుంది. జీవితాంతం ఆ ఏడే. టార్చి పెట్టి చూస్తే చిన్న స్ప్రాకెట్‌లో ఒక పన్ను పక్కకి కొంచెం వంగి ఉంది. చైను ఇంతకుముందు పడి ఇరుక్కున్నప్పుడు వంగినట్టుంది. ఆ ఒక్క పన్ను ఆ ఏడు లింకులనే తిరిగి తిరిగి గోకింది. తెగింది ఆ ఏడింట్లో ఒకటే.

ఇది జీసీడీ. మా అమ్మ వాళ్ళ పుస్తకంలో గ.సా.భా. పళ్ళ సంఖ్యకీ లింకుల సంఖ్యకీ గ.సా.భా. ఎంత పెద్దదయితే ఒక్కో పన్ను అంత తక్కువ లింకుల్ని చూస్తుంది. 14, 98కి గ.సా.భా. 14. కాబట్టి 98ని 14తో భాగించి 7. అదే 100 లింకులు పెడితే గ.సా.భా. 2, ఒక్కో పన్ను 50 లింకుల్ని చూస్తుంది. అరుగుడు అందరికీ పంచుకుంటుంది. చైనులో లోపలి లింకు, బయటి లింకు మారి మారి వస్తాయి కాబట్టి మామూలుగా మొత్తం సరిసంఖ్యే ఉంటుంది. అందుకని పళ్ళు బేసి సంఖ్యలో ఉంటే మేలంటారు. అట్లని బేసి అనగానే పనైపోదు. 15 పళ్ళు, 100 లింకులు పెట్టి చూడండి, గ.సా.భా. 5, ఒక పన్ను 20 లింకుల్నే చూస్తుంది. 14 కన్నా అన్యాయం. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో హాష్ టేబుల్ సైజు ప్రైమ్ నంబర్ పెట్టమని ఎందుకన్నారో నాకు గోనెపట్టా మీద అర్థమైంది.

పళ్ళు మరీ తగ్గించడమూ మంచిది కాదు. చైను స్ప్రాకెట్ మీద గుండ్రంగా చుట్టుకోదు, బహుభుజిలా చుట్టుకుంటుంది. అందువల్ల ఇరుసు ఒకే వేగంతో తిరిగినా చైను వేగం కొంచెం కొంచెం మారుతుంది. 14 పళ్ళకి ఆ తేడా రెండున్నర శాతం, 10 పళ్ళకి దాదాపు 5 శాతం. బండి సన్నగా వణుకుతుంది.

మేము కొత్త చిన్న స్ప్రాకెట్ వేసి, 100 లింకుల కొత్త చైను వేసినాం. రెండు లింకులు పెరిగితే వెనక ఇరుసు 13 మిల్లీమీటర్లు వెనక్కి పోవాలి. మెలి తీయడం కూడా ఇందులోనే కలిసొచ్చింది: ఎడమ వైపు 13 వెనక్కి జరిపి, కుడి వైపు 7 మాత్రమే జరిపినాం. పాత గీతల్ని గ్రైండర్‌తో చెరిపేసినాను. ఇంకెవరూ నమ్మకూడదని.

చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైను పోయే దిక్కుకి ఉండాలి. తిరగేస్తే ఏదన్నా తగిలినప్పుడు ఊడొస్తుంది. ఇంజను ఆన్‌లో పెట్టి చైను తుడవకండి, ఎంత మెల్లగా తిరుగుతున్నా సరే, వేళ్ళు పోతాయి. చైను మీద పాత బైకు మడ్‌గార్డ్ రేకు కోసి కప్పు బిగించినాం. ఇది ముందు చేయాల్సిన పని అని రాస్తూ ఉంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంకో మాట దుమ్ము గురించి. మా ఎర్రనేలలో ఇసుక ఎక్కువ. చైను నిండా కారేట్టు ఆయిల్ పోస్తే ఆ ఇసుక దానికి అంటుకుని సానరాయి ముద్దలా తయారవుతుంది, పిన్నునీ బుష్‌నీ అది అరగదీస్తుంది. చైను సాగింది అంటాం గానీ ఇనుము సాగదు, ఈ కీళ్ళు అరిగి పొడుగవుతుంది. పొలం బండికి ఆయిల్ పని అయిపోయిన సాయంత్రం, చైను వేడిగా ఉన్నప్పుడు రోలర్ల సందుల్లోకి కొద్దిగా వేసి, పొద్దున్నే పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి.

హాస్టల్ పార్కింగులో వెడల్పు టైర్లు వేసుకుని తిరిగే మన వాళ్ళకి కూడా ఇదే లెక్క. వెనక టైరు వెడల్పయితే చైను దానికి తగలకుండా వెనక స్ప్రాకెట్‌ని బయటికి జరుపుతారు, ముందుది జరపడం మర్చిపోతారు. అదే జరుగుడు. షాకబ్సార్బర్ ఎత్తు పెంచినా, స్వింగార్మ్ పొడుగు చేసినా బండి స్టాండు మీదున్నప్పుడు చైను వదులు చూసి బిగించకండి. ఇంజను స్ప్రాకెట్, స్వింగార్మ్ తిరిగే బోల్టు, వెనక ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు చైను బాగా బిగుతవుతుంది. ఇద్దర్ని బండి మీద కూర్చోబెట్టి ఆ గీతకి తెచ్చి, అప్పుడు కూడా కొంచెం వదులు మిగిలిందో లేదో చూసుకోవాలి. ఇంకోటి, కంపెనీ ఇచ్చిన ఆకారం మార్చిన బండిని రోడ్డు మీద తిప్పడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మా చిన్నాయన బండి అందుకే చేను గట్టు దాటదు.

అన్నీ బిగించేసరికి మధ్యాహ్నం పన్నెండు. చిన్నాయన కుట్లతో ఎక్కకూడదు కాబట్టి నేనే ఎక్కినాను. నేల పైన ఆరడం మొదలైంది, లోపల ఇంకా పదునుంది. మొదటి సాలు చివరి దాకా పోయి వెనక్కి తిరిగి చైను వైపు చూసినాను, ఉంది. రెండో సాలు, మూడో సాలు. ఎక్కడో ఒక రాయికి గుంటక తగిలి బండి ఆగిపోయినప్పుడు మాత్రం గుండె జారింది. చైను జారలేదు, చక్రాలు అక్కడే తిరిగినాయి. చీకటి పడే దాకా ఒకటిన్నర ఎకరా, మర్నాడు పొద్దున పది గంటలకల్లా ఇంకో రెండెకరాలు. అప్పటికి నేల గట్టిపడి గుంటక పైపైన గీరడం మొదలుపెట్టింది. మిగిలిన అరెకరం చిన్నమ్మ, ఇంకో ఇద్దరు కూలీలు కొడవళ్ళతో తీసినారు, మూడు రోజులు పట్టింది. ఆ అరెకరంలో నేను వంకర తోలి తొక్కేసిన ఒక సాలు కూడా ఉంది. దాని గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

దీపావళికి పోయినప్పుడు కొత్త చైనుని బిగుతుగా లాగి 20 లింకులు కొలిచినాను. కొత్తదయితే 254 మిల్లీమీటర్లు ఉండాలి, 256 వచ్చింది. 2 శాతం అరిగితే తీసేయాలి, అంటే 259. మొదటి చైను ఇంకా 254 దగ్గరే ఉంది. చిన్నాయన రెండు అంకెల్నీ పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో రాయించినాడు, కింద తేదీ వేయించి, పక్కన సంక్రాంతికి రాయడానికి కొంచెం ఖాళీ వదిలించినాడు.